ముందుగా తెలిసిన తుఫాను

అది 2016 జనవరి 20, బుధవారం. అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు పడమటి దిక్కున, వర్జీనియా రాష్ట్రంలో, డల్లెస్ విమానాశ్రయానికి చేరువలో మేము కాపురముంటున్న రోజులవి. మా ఆఫీసుల నుండి ఇంటికి 12 మైళ్ళ దూరం. మామూలుగా అరగంట ప్రయాణం. ఆ సాయంత్రం మాకు అయిదు గంటలు పట్టింది.

కారణం ఘోరమైన తుఫాను కాదు. కురిసినది ఒక అంగుళం మంచు మాత్రమే. అయితే రోడ్ల మీద ముందుగా ఉప్పు చల్లలేదు. పడిన మంచు వాహనాల చక్రాల కింద నలిగి, కరిగి, చలికి మళ్ళీ గడ్డకట్టి అద్దంలా తయారయింది. కార్లు ఎక్కడివక్కడ జారి అడ్డం తిరిగాయి. వేలాది మంది దారిలోనే చిక్కుకుపోయారు. మేమిద్దరమూ ఒకే కారులో ఉన్నాము. పెట్రోలు అడుగంటుతున్నది. ఫోనులో చార్జింగు అయిపోవచ్చింది. మగ్రిబ్, ఇషా నమాజులు సీట్లలో కూర్చునే చేసుకున్నాము. ఇంట్లో ఇద్దరు పిల్లలు, వారితో మా అమ్మీ. ఆమె రేపల్లె దగ్గరి పల్లె నుండి వచ్చి రెండు నెలలే అయింది. చక్కెర వ్యాధి మనిషి. పూటపూటకూ ఇన్సులిన్ తీసుకోవాలి. ఇంగ్లీషు రాదు. తలుపు తట్టి పిలువదగిన మనిషి ఆ వీధిలో ఆమెకు ఒక్కరూ తెలియదు.

రాత్రి పది దాటాక ఇల్లు చేరాము. అమ్మీ కిటికీ దగ్గర తస్బీహ్ చేతపట్టుకుని నిలబడి ఉన్నది. మమ్మల్ని చూడగానే “అల్‌హమ్దులిల్లాహ్” అని, రొట్టెలు వేడిచేసి పెట్టింది. మేము తింటూండగా ఒక్కమాట అడిగింది.

“ఈ మంచు పడుతుందని ముందే తెలియదా, బేటా?”

“తెలుసు అమ్మీ. పొద్దున్నే ఫోనులో వచ్చింది. ఒక అంగుళమే కదా అని పట్టించుకోలేదు.”

అమ్మీ మరేమీ అనలేదు. ఆ మౌనమే మమ్మల్ని ఎక్కువగా బాధించింది. మంచును ఎదుర్కోవడానికి సరిగా సిద్ధపడనందుకు వాషింగ్టన్ నగర మేయర్ మరునాడు ప్రజలకు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. మేము మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

అమ్మీ ఎందుకు ఆ మాట అడిగిందో మాకు తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిననాడు ఆమెకు ఇరవై ఏళ్ళు. కొత్తగా పెళ్ళయి రేపల్లె తాలూకాకు కాపురానికి వచ్చింది. ఆ ఒక్క తుఫానులో పదివేల మందికి పైగా చనిపోయారు. ఆమె ఖాలా కుటుంబం కృష్ణకు ఆవలి ఒడ్డున, సముద్రానికి దగ్గరలో ఉండేది. వారిలో ఒక్కరూ మిగలలేదు. వాన పడుతున్నదని, గాలి హెచ్చుతున్నదని వారికి కనబడుతూనే ఉండి ఉంటుంది. సముద్రమే లేచి ఊరి మీదికి వస్తుందన్న కబురు మాత్రం వారికి వేళకు అందలేదు. “ఒక్క పూట ముందు తెలిసి ఉంటే నడిచైనా ఇవతలికి వచ్చేవారు” అని అమ్మీ ఇప్పటికీ అంటూ ఉంటుంది. అటువంటి మనిషి ముందు కూర్చుని “తెలుసు గానీ పట్టించుకోలేదు” అని చెప్పుకున్నాము.

నిజానికి ఆ బుధవారపు మంచు వచ్చేదానికి గుమ్మంలోని అడుగుచప్పుడు మాత్రమే. అసలు తుఫాను శుక్రవారం రానున్నదని వాతావరణ శాఖ అప్పటికే చెబుతున్నది. ఆ కబురు దాదాపు ఆదివారం నుండే వింటున్నాము. అన్ని రోజుల ముందు అంత నమ్మకంగా ఎలా చెప్పగలుగుతున్నారని అమ్మీ అడిగితే, మాకు తెలిసినంతలో వివరించాము. మా ఇంటికి కొద్ది మైళ్ళ దూరంలోనే, స్టెర్లింగ్ అనే ఊరిలో ఆ శాఖవారి కార్యాలయం ఉన్నది. అక్కడి నుండి రోజుకు రెండుసార్లు బెలూను వదులుతారు. అది పైకి వెళుతూ గాలిలోని వేడినీ తేమనూ ఒత్తిడినీ కొలిచి కిందికి పంపుతుంది. ప్రపంచమంతటా వందలాది చోట్ల నుండి ఇలాగే బెలూన్లు ఎగురుతాయి. ఉపగ్రహాలు పైనుండి చూస్తూ ఉంటాయి. ఆ లెక్కలన్నీ పెద్ద కంప్యూటర్లలోకి చేరతాయి. కంప్యూటరు ఒక్కసారి లెక్క కట్టి ఊరుకోదు. మొదటి అంకెలను కొద్దికొద్దిగా మార్చి పదేపదే లెక్కిస్తుంది. అన్ని లెక్కలూ ఒకే జవాబు దగ్గరికి వస్తున్నకొద్దీ నమ్మకం పెరుగుతుంది. ఆసారి అమెరికా వారి లెక్క, ఐరోపా వారి లెక్క దాదాపు ఒకే మాట చెప్పాయి. దక్షిణ తీరాన సముద్రం అంచున అల్పపీడనం బలపడుతుందని, అట్లాంటిక్ మహాసముద్రపు తేమను అది భూమి మీదికి తోస్తుందని, ఉత్తరం నుండి దిగివచ్చే చలిగాలి ఆ తేమను మంచుగా మారుస్తుందని వాటి సారాంశం.

“అయితే ఇది గైబు సంగతి చెప్పడం కాదు” అన్నది అమ్మీ, తనలో తాను తేల్చుకుంటున్నట్లు.

కాదు. గైబు జ్ఞానం అల్లాహ్‌కు మాత్రమే సొంతం. ఇది ఆయన సృష్టిలో ఆయనే ఉంచిన సూచనలను చదవడం. మబ్బును చూసి వాన వస్తుందనుకునే రైతు చేసే పనే ఇదీ. వీరు ఇంకాస్త దూరం చూడగలుగుతున్నారు. అందుకే వారి మాటల్లో “రావచ్చు”, “అవకాశం ఉన్నది” అనే పదాలే ఎక్కువ. ఆ శాఖ పద్ధతిలో రెండు మెట్లు ఉన్నాయి. ఆపద వచ్చే అవకాశం ఉన్నప్పుడు ముందుగా అప్రమత్తం చేస్తారు. రావడం దాదాపు ఖాయమైనప్పుడు హెచ్చరిక జారీ చేస్తారు. ప్రతి మంచు వానకూ “బ్లిజార్డ్” అనే పేరు పెట్టరు. గాలి గంటకు 35 మైళ్ళ వేగంతో వీస్తూ, పావు మైలు దూరంలోని వస్తువైనా కనబడనంతగా మంచు రేగుతూ, కనీసం మూడు గంటలపాటు అదే స్థితి కొనసాగాలి. మా ప్రాంతానికి బుధవారం మొదటి మెట్టు, గురువారం రెండవ మెట్టు వచ్చాయి.

అయినా మాలో ఒక బద్ధకం మిగిలే ఉన్నది. ఏడాది క్రితం, 2015 జనవరి చివరలో, న్యూయార్క్‌లో రెండు మూడు అడుగుల మంచు పడుతుందన్నారు. మంచు కారణంగా ఎన్నడూ ఆగని సబ్‌వే రైళ్ళను సైతం ఆపివేశారు. తీరా చూస్తే తుఫాను దారి కొంచెం తూర్పుకు జరిగింది. సెంట్రల్ పార్కులో పడినది 9.8 అంగుళాలే. ఆ అంచనా తప్పినందుకు వాతావరణ శాఖ అధికారి ఒకరు ప్రజలకు క్షమాపణ చెప్పుకున్నారు. అదే తుఫాను బోస్టన్‌లో రెండడుగులకు పైగా మంచు కుమ్మరించిన సంగతి మాత్రం మాకు గుర్తుకు రాలేదు. తప్పిన లెక్కే గుర్తున్నది. అందుకే గురువారం ఉదయం మేము తేలికగా, “పోయినేడూ ఇలాగే అన్నారు అమ్మీ. అల్లాహ్ చూసుకుంటాడులే” అనేశాము.

అమ్మీ చేస్తున్న పని ఆపి మా వైపు చూసింది. ఒంటెను కట్టి మరీ అల్లాహ్‌పై భారం వేయమని మహాప్రవక్త (స) ఒక మనిషికి బోధించిన సంగతి మాకు చిన్నప్పుడు నేర్పినది ఆమే. ఇప్పుడు ఆ మాట ఎత్తలేదు. “యూసుఫ్ (అ) ఏం చేశారు బేటా?” అని మాత్రం అడిగింది.

రాబోయే ఏడేళ్ళ కరవు సంగతి రాజుకు వచ్చిన కల ద్వారా ముందుగా తెలిసినప్పుడు, ఆ దైవప్రవక్త ‘అల్లాహ్ చూసుకుంటాడు’ అని ఊరుకోలేదు. పంటలు పండే ఏడేళ్ళలో ధాన్యాన్ని వెన్నులతోనే దాచి ఉంచమన్నారు. ఆ గిడ్డంగుల బాధ్యత తానే కోరి తీసుకున్నారు. ముందుగా తెలియడమన్నది ఆయన దృష్టిలో ఊరట కాదు, అమానతు. మేము లేచి బజారుకు బయలుదేరాము.

దుకాణంలో పాలు, బ్రెడ్డు, గుడ్లు పెట్టే అరలు అప్పటికే ఖాళీ అయ్యాయి. ఇంట్లో బియ్యం, పప్పు, గోధుమపిండి ఉన్నాయి గనుక మాకు ఆ చింత లేదు. మంచినీళ్ళు, టార్చిలైట్లకు బ్యాటరీలు, గుమ్మం ముందు చల్లడానికి రాతి ఉప్పు, మంచు ఎత్తే పార ఒకటి కొన్నాము. కారులో పెట్రోలు నింపాము. దారి పొడవునా రోడ్ల మీద తెల్లని చారలు కనబడ్డాయి. ఈసారి ముందుగానే ఉప్పునీళ్ళు చల్లారు. ఇంటికి వచ్చి ఫోన్లన్నీ చార్జింగులో పెట్టాము. గొట్టాల్లో నీరు గడ్డకట్టకుండా రాత్రికి కుళాయిని చుక్కలు చుక్కలుగా వదలాలని అనుకున్నాము. అమ్మీ ఇన్సులిన్ సీసాలు లెక్కపెట్టాము. మూడు వారాలకు సరిపడా ఉన్నది. కరెంటు పోతే వాటిని మంచులో పెట్టరాదని పిల్లలకు కూడా చెప్పాము. గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు.

“కరెంటు పోతే చలికి ఎలా? ఒక కుంపటి దొరకదా ఇక్కడ?” అని అడిగింది అమ్మీ. తలుపులు, కిటికీలు బిగించిన ఇంట్లో బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరుతుందని, దానికి రంగూ వాసనా ఉండవని, నిద్రలోనే ప్రాణం తీస్తుందని చెప్పాము. ఆమె శ్రద్ధగా విన్నది. “మంచిది, దుప్పట్లు కప్పుకుందాం” అన్నది.

ఆ తరువాత ఆమె అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. “ఆ పక్కింటి పెద్దాయనకు ఎవరున్నారు?”

మాకు తెలియదు. ఆ ఇంటి పక్కన మూడేళ్ళుగా ఉంటున్నాము. ఎదురుపడినప్పుడు చెయ్యి ఊపుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. పొరుగువారి హక్కుల గురించి మసీదులో ఎన్నో ప్రసంగాలు విన్నాము, కొన్నింటిని మెచ్చుకున్నాము కూడా. ఆ సాయంత్రం అమ్మీ గిన్నెలో ఖీర్ పోసి మా చేతికిచ్చింది. కొంత సంకోచంతోనే వెళ్ళి తలుపు తట్టాము.

ఆయనకు దాదాపు ఎనభై ఏళ్ళు. భార్య చనిపోయి నాలుగేళ్ళయింది. కొడుకు వేరే రాష్ట్రంలో ఉంటాడు. భోజనానికి అన్నీ సిద్ధం చేసుకున్నారట. సాయమేమైనా కావాలా అంటే కాసేపు ఆలోచించి, కర్ర పట్టుకుని మమ్మల్ని ఇంటి పక్కసందులోకి తీసుకువెళ్ళారు. గోడకు నేల నుండి రెండడుగుల ఎత్తున రెండు తెల్లని ప్లాస్టిక్ గొట్టాలు బయటికి వచ్చి ఉన్నాయి. ఇంటిని వేడిచేసే గ్యాసు యంత్రం వాటి ద్వారానే గాలి తీసుకుంటుంది, పొగ వదులుతుంది. 2010 ఫిబ్రవరిలో ఇక్కడ 32.4 అంగుళాల మంచు పడినప్పుడు అవి పూడుకుపోయాయట. అలా పూడుకుపోతే యంత్రం ఆగిపోయి ఇల్లు చల్లబడుతుంది. లేదంటే ఆ పొగ ఇంట్లోకే తిరిగి వస్తుంది. అప్పుడు ఆయనే తవ్వుకున్నారు. ఇప్పుడు నడుము సహకరించడం లేదు. “ఇదొక్కటి చూడగలరా?” అని అడిగారు. ఫోను నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాము.

తిరిగి వస్తూ మా ఇంటి పక్కసందులోకి తొంగిచూశాము. అవే గొట్టాలు, అదే ఎత్తున. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటూ మేము వాటిని గమనించనే లేదు. కుంపటి గురించి అమ్మీకి పాఠం చెప్పినవాళ్ళము, మా గోడలోనే ఉన్న ప్రమాదం మాకు తెలియదు. సాయం చేయడానికి వెళ్ళి సాయం పొంది వచ్చాము.

శుక్రవారం మధ్యాహ్నం ఫెడరల్ ప్రభుత్వ కార్యాలయాలు మూసివేశారు. మా మసీదులో ఖుత్బా క్లుప్తంగా ముగించి, నమాజు కాగానే అందరూ ఇళ్ళకు వెళ్ళమన్నారు. మిగిలిన నమాజులు ఇంట్లోనే చేసుకోమని చెప్పారు. వానా చలీ తీవ్రంగా ఉన్న రోజున మీ నివాసాల్లోనే నమాజు చేసుకోండని అజాన్‌తోపాటు ప్రకటించిన సంప్రదాయం ప్రవక్త (స) కాలం నుండీ ఉన్నదే. బయటికి వచ్చేసరికి మొదటి రేకులు రాలుతున్నాయి. ఆ మంచు శనివారం రాత్రి పొద్దుపోయేదాకా ఆగలేదు. వాషింగ్టన్ మెట్రో రైళ్ళు శుక్రవారం రాత్రి నుండి వారాంతమంతా నిలిచిపోయాయి.

శనివారం ఉదయానికి మా గుమ్మం తలుపు తెరుచుకోలేదు. భుజంతో నెట్టి, సందులో నుండి పార బయటికి తోసి, గుప్పెడు గుప్పెడుగా దారి చేసుకున్నాము. మా గొట్టాల దగ్గర గాలికి ఎగిరివచ్చిన మంచు నడుము ఎత్తున పేరుకున్నది. తవ్వాము. అంతలో ఫోను మోగింది. ఆయన గొంతు వణుకుతున్నది. యంత్రం ఆగిపోయి గంటైంది, ఇల్లు చల్లబడుతున్నది. మా గుమ్మానికీ ఆయన గోడకూ మధ్య ముప్ఫై అడుగులు. ఆ ముప్ఫై అడుగులు నడవడానికి అరగంట పట్టింది. ఎదుట అంతా తెలుపు. గోడ ఉన్నదని తెలుసు గానీ గొట్టాలు ఎక్కడో కనబడవు. గురువారం ఆయన కర్రతో చూపిన చోటు గుర్తున్నది గనుక సరిగ్గా అక్కడే తవ్వాము. గొట్టాలు బయటపడ్డాయి. కాసేపటికి యంత్రం మళ్ళీ నడిచింది. కిటికీ అద్దంలో నుండి ఆయన చెయ్యెత్తి చూపారు. ఆ రోజు మరో రెండుసార్లు వెళ్ళి తవ్వివచ్చాము.

ఆదివారం ఎండ కాసింది. కారును మంచులో నుండి తవ్వసాగాము. అద్దాల మీది మంచు కరగాలని ఇంజను నడిపించి, చలికి వణుకుతున్న మా ఏడేళ్ళ వాడిని లోపల కూర్చోబెట్టాము. ముందువైపు తవ్వుతున్నాము. వెనుక భాగం ఇంకా మంచులోనే కూరుకుపోయి ఉన్నది. ఉన్నట్టుండి పక్కింటి తలుపు తెరుచుకున్నది. పెద్దాయన కర్ర ఎత్తి గట్టిగా అరుస్తున్నారు. “ఆపండి, పిల్లాణ్ణి బయటికి తీయండి!” ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు ఆడలేదు. కారు పొగగొట్టం మంచులో పూర్తిగా పూడుకుపోయి ఉన్నది. కుంపటి గురించి అమ్మీకి చెప్పిన అదే వాయువు, అదే ప్రమాదం. బాబును బయటికి లాగి గుండెలకు హత్తుకున్నాము. అల్లాహ్ దయవల్ల వాడు అప్పుడే ఎక్కి కూర్చున్నాడు, ఏమీ కాలేదు. అదే తుఫానులో న్యూజెర్సీలో ఒక తల్లీ చంటిబిడ్డా సరిగ్గా ఇలాగే కారులో ప్రాణాలు వదిలారని తరువాత వార్తల్లో విన్నాము. ఆ రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు.

డల్లెస్ విమానాశ్రయం దగ్గర మొత్తం 29.3 అంగుళాల మంచు పడిందని లెక్క తేలింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 27.5 అంగుళాలు. 1869 నుండి అక్కడ ఉంచుతున్న లెక్కల్లో అదే పెద్దది. ముందటి ఏడు తప్పిన అంచనా ఈసారి నిజమైంది. ఒక అంగుళం మంచు మమ్మల్ని అయిదు గంటలు రోడ్డు మీద నిలబెట్టింది. 29 అంగుళాల మంచులో మా ఇంటిల్లిపాదీ, పక్కింటి పెద్దాయనా క్షేమంగా ఉన్నాము. మంచు ఎంత పడిందన్నదాని కన్నా, మాకు అందిన కబురుతో మేము ఏమి చేశామన్నదే మాకు తేడా చూపింది. ఆ తేడాలోనూ మా తెలివి కన్నా అమ్మీ అడిగిన ప్రశ్నలదే ఎక్కువ పాలు. ఆమె అడగకపోతే మేము పక్కింటి తలుపు తట్టేవాళ్ళము కాము. తట్టకపోతే, ఆ ఆదివారం ఆయన మా కోసం కేక వేసి ఉండేవారో లేదో మాకు తెలియదు. తెలుసుకోవాలన్న ధైర్యమూ లేదు.

అమ్మీ ఏప్రిల్‌లో రేపల్లెకు తిరిగివెళ్ళింది. వెళ్ళేముందు పక్కింటికి వెళ్ళి, భాష రాకపోయినా, ఆయనతో కాసేపు కూర్చుని వచ్చింది. ఇప్పుడు తీరాన వాయుగుండం ఏర్పడిందన్న కబురు మా ఫోనులో కనబడితే చాలు, ఆమెకు ఫోను చేస్తాము. మేము చెప్పేలోపే ఆమె చెబుతుంది, “నాకు తెలుసు బేటా. వీధి చివరి వాళ్ళకు కూడా చెప్పి వచ్చాను.”

1977కీ ఇప్పటికీ మన తీరంలో ఎంతో మారింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసినా, ముందుగా అందిన హెచ్చరికతో ఎందరో లోతట్టు ప్రాంతాలను విడిచి ప్రాణాలు దక్కించుకున్నారు. సోదర సోదరీమణులారా! తుఫాను గానీ, వడగాలి గానీ, వరద గానీ, కబురు ఇప్పుడు చాలావరకు మన చేతిలోని ఫోనుకే వస్తున్నది. దాన్ని చదివి తలుపు గడియ వేసుకునే ముందు, మన వీధిలో ఈ కబురు అందనివారు ఎవరున్నారని ఒక్కసారి ఆలోచిద్దాము. ఫోను లేని వృద్ధురాలు, ఒంటరిగా ఉంటున్న పెద్దాయన, చదువు రాని కొత్త కాపురస్థులు ఉండవచ్చు. యూసుఫ్ (అ) దాచిన ధాన్యం ఒక్క ఈజిప్టుకే సరిపెట్టబడలేదు. కనాను నుండి వచ్చిన ఆకలిగొన్నవారికీ, తనను బావిలో పడవేసిన అన్నలకూ అందింది.

ముందుగా తెలియజేసిన అల్లాహ్, తెలిసినదానికి తగినట్లు నడుచుకునే బుద్ధిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.